పొద్దుండగానే నూనె అడిగిన నర్సమ్మ

పుంగనూరులో మా ఎదురింట్లో ఉండిన నర్సమ్మ పోయింది. ఆ వార్త నాకు మదనపల్లెలో తెలిసింది. అచ్చాపీసులో కూర్చుని, ఎవరినో తిడుతూ రాసిన కరపత్రానికి ప్రూఫులు దిద్దుకుంటున్నాను. కుప్పం నుంచి వచ్చిన బస్సు కండక్టరు గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"అప్పా, నర్సమ్మ నిన్న పొద్దున పోయింది. నీకు చెప్పమని ఆయమ్మ చెల్లెలు చెప్పంపింది."

నేను పెన్ను కింద పెట్టాను. అతను కదలలేదు.

"ఇంకో మాట కూడా ఉండాది. ఆయమ్మ పోకముందే చెప్పి పెట్టిందంట. 'ఆయప్ప తప్పకుండా వస్తాడు. సమాధి కాడ ఉపన్యాసం మాత్రం ఇయ్యొద్దని చెప్పండి' అని."

అచ్చులు పేర్చేవాళ్ళు పకపకా నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. చావు కబురు విని నవ్వడమేమిటని ముఖం చిట్లించుకునే పాఠకులకు నర్సమ్మ తెలియదు. తెలిస్తే వాళ్ళూ నవ్వేవారే.

కుప్పం వెళ్ళాను. చివరి రెండేళ్ళూ ఆమె అక్కడ చెల్లెలి ఇంట్లో ఉంది. సమాధి దగ్గర నోరు మెదపలేదు. నా జీవితంలో పదిమంది గుమిగూడిన చోట మాట్లాడకుండా తిరిగి రావడం అదే మొదలు. ఉపన్యాసం వద్దంది గాని రాయవద్దని ఎక్కడా అనలేదు. అందుకే రాస్తున్నాను. పెద్దమనుషులు పోతే పత్రికలు నల్లగీతల మధ్య వాళ్ళ బొమ్మలు వేస్తాయి. ఒక్క గదిలో వెలుతురు ఆరిపోకుండా కాపాడిన మనిషి పోతే ఒక్క వాక్యమైనా వేయవు. ఈ అన్యాయం గురించి వేరే రాయవచ్చు, రాస్తాను కూడా. ఇప్పుడు మాత్రం ఆమె సంగతి.

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో తల నెరిసేదాకా నర్సుగా పనిచేసి, ఆ తర్వాత పుంగనూరు వచ్చి మా ఎదురింట్లో దిగింది. తెల్లచీర, నడుముకు వేలాడే చిన్న కత్తెర, ఎవరినైనా కళ్ళలోకి సూటిగా చూసే అలవాటు. ఆదివారం చర్చికి వెళ్ళేది. నేను ఏ గుడికీ వెళ్ళని మనిషిని. మొదటివారమే దేవుడు ఉన్నాడా లేడా అని మా ఇద్దరికీ వీధిలో వాదన జరిగింది. గంటసేపు నేనే మాట్లాడాను. ఆమె చివరిదాకా విని, "గొంతు ఎండిపోయింటాది, మజ్జిగ తాగి పో అప్పా" అంది. ఎంత గొప్ప తర్కమైనా మజ్జిగ ముందు ఎలా నిలబడుతుంది?

ఎవరింటికి వెళ్ళినా ఆమె ముందు కూర్చునేది కాదు. ఆ ఇంటి దీపం దగ్గరికి వెళ్ళి, మాడిన వత్తి కొసను కత్తెరతో సమంగా తుంచి, వేళ్ళు కొంగుకు తుడుచుకుని, అప్పుడు కూర్చుని "ఇప్పుడు చెప్పమ్మా, ఏమి నొప్పి?" అనేది. రాత్రి పురుళ్ళన్నీ దీపం వెలుతురులోనే చూసిన చేయి కదా. దీపం సరిగా లేకపోతే ఆమెకు మనిషి సరిగా కనిపించేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మేము పుంగనూరులో పెద్దవాళ్ళకు సాయంకాలపు బడి నడిపేవాళ్ళం. 'మేము' అంటే నేను ఉపన్యాసాలిచ్చేవాణ్ణి, నర్సమ్మ అక్షరాలు నేర్పేది. జట్కాబండి తోలే తాత, ఇద్దరు నేతపనివాళ్ళు, హరిజనవాడ నుంచి పదిమంది, వేరుశనక్కాయల మిల్లులో పనిచేసే మునెమ్మ వచ్చేవాళ్ళు. మునెమ్మ భర్త పటాలంలో ఉన్నాడు. అతను రాయించి పంపే ఉత్తరాలను పోస్టుమాను అరుగు మీద కూర్చుని బిగ్గరగా చదివేవాడు.

"నా మొగుడు నాకు రాసింది వీధంతా వింటాండాది నర్సమ్మా," అంది మునెమ్మ, బడిలో చేరిన రోజు. "మొన్న ఆయప్ప ముద్దుగా ఏందో రాసింటే, పొద్దున బాయి కాడ అందరూ అదే అంటాండారు. నా ఉత్తరం నేనే చదవల్ల."

అక్షరాస్యత ఎందుకో చెప్పడానికి నేను పేజీలు ఖర్చు పెట్టాను. అంత బాగా మాత్రం ఎప్పుడూ చెప్పలేకపోయాను.

బడి నడిచే గది చింతపండు వ్యాపారం చేసే శెట్టిది. ఆయన చెడ్డవాడు కాడు, వ్యాపారి. గది ఊరికే ఇచ్చాడు గాని ఒక షరతు పెట్టాడు. "దినమూ దీపం వెలగల్ల, మీరు చదవల్ల. వరసగా మూడు సాయంత్రాలు గది చీకటిగా ఉన్నిందంటే నా మూటలు పెట్టుకుంటాను. చింతపండుకు దీపం అక్కరలేదు సూడు."

ఆ వీధిలోనే ఉన్న బియ్యం మిల్లు యజమానిని నేను వెంటపడి వేధించి, ఆయన ఇంజను నుంచి మా గదికి కరెంటు తీగ లాగించాను. ఒక్క బల్బు. అది వెలిగిన సాయంత్రం నా ఛాతీ ఎంత ఉబ్బిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. దీపాల కాలం పోయిందని ప్రకటించి, బడిలోని నాలుగు లాంతర్లనూ అక్కడికక్కడే సోమల దారిలో పోయే బండివాళ్ళకు పంచిపెట్టేశాను. జనం చప్పట్లు కొట్టారు. నర్సమ్మ కొట్టలేదు.

"కొత్త చీర కట్టుకున్న పొద్దే పాతవన్నీ పంచిపెట్టేస్తారా అప్పా? ఉతికినప్పుడు ఏం కట్టుకోవల్ల?"

"వెనక్కి చూసేవాళ్ళు ముందుకు పోలేరు నర్సమ్మా."

"నేను యెనక్కి సూడమనలేదు. మూలన పెట్టుకోమన్నాను."

కొన్ని నెలలకే ఇంజనుకు క్రూడాయిలు రావడం ఆగిపోయింది. ఉన్న ఆయిలంతా యుద్ధానికి పోతున్నదన్నారు. ఇంజను ఆగింది, కరెంటు పోయింది. బల్బు గుడ్డికన్నులా పైనుంచి వేలాడింది. కిరసనాయిలు కంట్రోలులో ఉంది. ఇంటికి ఇన్ని సీసాలని కార్డు మీద ఇచ్చేవాళ్ళు. బడికి కార్డు అడిగితే కంట్రోలు గుమాస్తా నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "బడికి పెండ్లాం బిడ్డలు ఉండారా? పొయ్యి ఉండాదా? అవి లేకుంటే కార్డు యాడిది?" అన్నాడు. దొడ్డిదారిన పీపాలకు పీపాలు కదిలేవి. ముందుదారిలో మాత్రం పొయ్యి ఉందా అని అడుగుతారు. ఆ గుమాస్తా మీద నాకు ఇవాళ్టికీ కోపమే. అది నిలువ ఉన్నకొద్దీ బాగుపడే కోపం.

మొదటి సాయంత్రం. నేను మూడు లాంతర్లు అరువు తెచ్చి, వాటి నిండా కానుగ నూనె పోశాను. విదేశీ కంపెనీల చమురు మనకెందుకు, మన కానుగ చెట్లు లేవా అని అందరి ముందూ అడిగాను. నర్సమ్మ లాంతరు ఎత్తి, వత్తి చూసి, "ఎక్కదప్పా" అంది.

"ఎందుకు ఎక్కదు?"

"కిరసనాయిలు పలచన, అంత పొడుగు వత్తి పాకుతాది. కానుగ నూనె చిక్కన. జానెడు ఎక్కమంటే యాడ ఎక్కుతాది? నూనె నీ మాట వినదు. నువ్వే దాని మాట వినల్ల."

నేను విన్నానా? వెలిగించాను. మూడు లాంతర్లూ కాసేపు వెలిగి, ఎర్రబడి, పొగ చిమ్మి, వత్తి మాడి, ఒకదాని వెంట ఒకటి ఆరిపోయాయి. జట్కా తాత దగ్గుతూ, "ఈపొద్దు పాఠం పొగ గురించా సామీ?" అన్నాడు.

పౌరుషం వచ్చి, సీసా పట్టుకుని వీధిలోకి పోయాను. ఎవరింట్లోనైనా కాస్త ఆముదం దొరక్కపోతుందా, ప్రమిదల్లో పెట్టుకుందాం అని. అప్పటికే అన్ని ఇళ్ళలో దీపాలు పెట్టారు. ఇక్కడే నేను మరచిపోయిన సంగతి ఉంది. మా ప్రాంతంలో ఇంట్లో దీపం పెట్టాక నూనెగాని ఉప్పుగాని గడప దాటనివ్వరు, దాటితే లక్ష్మి వెళ్ళిపోతుందని. మొదటి ఇంటావిడ ఆ మాటే చెప్పింది. నేను ఊరుకున్నానా? లక్ష్మి అంత సులువుగా వెళ్ళిపోయేదయితే ఉన్నదెక్కడమ్మా అని మొదలుపెట్టాను. రెండో ఇంట్లో ఇంకా గట్టిగా. మూడో ఇంట్లో తలుపు నా ముక్కు ముందు మూసుకుంది. ఖాళీ సీసాతో తిరిగి వచ్చేసరికి గది చీకటిగా ఉంది, బయట అందరూ వరసగా కూర్చుని నా వాదనలు విన్నట్టున్నారు.

"ఒక సాయంత్రం పోయింది," అంది నర్సమ్మ.

రెండో సాయంత్రం ఆమె బడి పెట్టనంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "రెండో రోజు కూడా చీకటేనా? శెట్టి లెక్కపెడుతున్నాడు!"

"పెట్టనీ. పరీక్ష చెయ్యని దీపం కింద నేను ఎవురినీ కూర్చోబెట్టను. కండ్లు పోతే నువ్వు ఇస్తావా?"

తన అరుగు మీద నాలుగు ప్రమిదలు వరసగా పెట్టింది. వేపనూనె, కానుగ, వేరుశనగ, ఆముదం. చీకటి పడగానే ఒక్కొక్కటే వెలిగించి, సూదీ దారమూ తీసుకుంది. అరవై దాటిన తన కళ్ళకు ఏ దీపం వెలుతురులో దారం సూదిలోకి ఎక్కితే ఆ దీపం చదువుకు పనికొస్తుందని లెక్క. ఆసుపత్రిలో కుట్లు వేసే సూదుల దగ్గర నేర్చుకున్న పద్ధతట. వేపనూనె దగ్గర ముక్కు మూసుకుంది. కానుగ దగ్గర కళ్ళు నులుముకుంది. వేరుశనగ నూనె దగ్గర దారం సులువుగా ఎక్కింది. నేను సంబరపడబోయాను.

"తినే నూనె," అంది, ప్రమిద పక్కకు జరుపుతూ. "మునెమ్మ కూరలో లేంది మనం కాల్చేదా? వద్దు."

ఆముదం దగ్గర దారం రెండోసారికి ఎక్కింది. పొగ లేదు, మంట నిలకడగా ఉంది, నూనె నిదానంగా తరుగుతుంది. "ఇదే," అంది. "మెల్లిగా కాలేదే మనకు కావల్ల."

మూడో రోజు మధ్యాహ్నం మంచి ఎండలో నా తలుపు తట్టింది. చేతిలో పెద్ద సీసా. నాకు బుట్ట ఇచ్చింది. "నువ్వు బుట్ట పట్టుకో. నోరు తెరవద్దు."

మొన్న నేను తిరిగిన వీధిలోనే, అవే గడపల దగ్గర ఆగింది. "బడికి ఒక గరిటె ఆముదం పొయ్యమ్మా" అంటే పోశారు. మొన్న నా ముక్కు ముందు తలుపు వేసిన ఆవిడ రెండు గరిటెలు పోసి, నావైపు చూస్తూ, "మొన్న కూడా పొద్దుండగా వచ్చింటే ఇచ్చుందును కదప్పా. దీపం పెట్టినాక వచ్చి మా లక్ష్మిని తిడతాండావు" అంది.

వీధి మలుపు తిరగగానే నేను ఆగలేకపోయాను. "అయితే మీరు ఆ మూఢనమ్మకాన్ని ఒప్పుకున్నట్టే కదా?"

ఆమె సీసా ఎండకెత్తి ఎంత నిండిందో చూసుకుంది. "నాకు నూనె కావల్ల. నీకు గెలుపు కావల్ల. రెండూ ఒకే గడప కాడ దొరకవప్పా."

పాఠకులారా, ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించను, ఇప్పటికీ. నమ్మకాలను పగటిపూటకు తప్పించుకుంటూ పోతే అవి ఎప్పటికీ గడపలోనే కూర్చుంటాయి. ఈ వాదం నాది, దీన్ని వదలను. కాని సీసా నింపింది నా వాదం కాదు.

ఆముదానికి ప్రమిదలు చాలవంది. వెలుతురు నేల మీదే పడుతుంది, పలక మీద పడదు. ఆసుపత్రి వార్డుల్లో పెట్టే దీపం కావాలి. గాజు గ్లాసులో ముప్పాతిక నీళ్ళు పోసి, పైన వేలెడు నూనె పోసి, బెండుముక్కకు వత్తి గుచ్చి తేలవిడవడం. మంట గ్లాసు అంచు దగ్గర నిలుస్తుంది, వత్తి పాకాల్సిన దూరం గోరంతే. అందుకు గ్లాసులు కావాలి. యుద్ధంలో గాజు దొరికేదెక్కడ? నన్ను వెంటబెట్టుకుని తిన్నగా కాఫీ హోటలుకు వెళ్ళింది.

ఆ హోటలు వెనక ఒక పలకకు మేకులు కొట్టి, వాటికి ఏడు గాజు గ్లాసులు బోర్లించి ఉండేవి. హరిజనవాడ వాళ్ళు వస్తే వెనక్కి పోయి, వాటితోనే తాగి, వాళ్ళే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించి పోవాలి. వాటి మీద నేను మూడు కరపత్రాలు వేశాను. ఒక్క గ్లాసూ కదలలేదు.

"సామీ, బడిలో దీపం పెట్టేదానికి గాజు గ్లాసులు కావల్ల," అంది నర్సమ్మ.

హోటలాయన తల గోక్కున్నాడు. "లోపలివి ఇస్తే నా యాపారం యాడ జరుగుతాది నర్సమ్మా? కావాలంటే ఎనకాల ఉండేవి తీసుకో. దీపానికి మైల ఏముండాది?"

"దీపానికి మైల లేదు సామీ," అని ఆమె మెల్లగా ఆ మాటనే తిరిగి అని, వెనక్కి వెళ్ళి ఏడు గ్లాసులూ తీసి బుట్టలో పెట్టింది. ఒట్టి మేకులు మిగిలాయి.

బయటికి రాగానే అడిగాను. "అన్నీ తెచ్చేస్తే రేపు వాళ్ళు దేంట్లో తాగుతారు?"

"అది హోటలు సామి ఆలోచించల్ల. మనది దీపం సంగతి కదా." ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. తెలిసి చేసిందా, తెలియక చేసిందా అని ఎన్నోసార్లు అడిగాను. "గ్లాసు అడిగితే ఇచ్చినాడు" అనేదే తప్ప ఇంకో ముక్క చెప్పలేదు.

సాయంత్రానికి తాతా మునెమ్మా గది గోడలకు సున్నం కొట్టేశారు. "తెల్లగోడ సగం దీపం" అని నర్సమ్మ వాళ్ళను తరిమింది. గది మధ్యలో ఒక్కచోట వెలుగు గుప్పించాలని నేను గ్లాసులన్నీ ఒకే బల్ల మీద పేరుస్తుంటే, తీసి పంచింది. ఇద్దరిద్దరికి ఒకటి. "దీపం గదికి కాదప్పా, కంటికి."

వెలిగించే ముందు ప్రార్థన చేస్తానంది. నేను చేతులు కట్టుకుని బిగుసుకుని నిలబడ్డాను. ఆమె ఒక కన్ను తెరిచి, "నువ్వు కండ్లు మూసుకోవద్దులే. నూనె ఒలకకుండా సూస్తాండు. నీ మాదిరి వాడు ఒకడు ఉండల్ల" అంది. నాస్తికుడికి నా ఎరుకలో దక్కిన ఒకే ఒక్క గౌరవనీయమైన ఉద్యోగం అది.

ఏడు దీపాలూ వెలిగాయి. అప్పుడే వీధిలో బండిగంటలు వినిపించాయి. శెట్టి చింతపండు మూటలతో వచ్చేశాడు. మునెమ్మ పలకను గుండెకు హత్తుకుంది. ఈ గది పోతే ఊళ్ళో మాకు ఇంకొకటి ఇచ్చేవాడు లేడు. ఆ సంగతి అందరికీ తెలుసు.

శెట్టి గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూశాడు. "ఇదేంది, దేవళం మాదిరి ఉండాది. ఇది చదివేదానికా, మొక్కేదానికా?"

నేను గొంతు సవరించుకున్నాను. నర్సమ్మ నా కాలు తొక్కి, శెట్టి చేతిలో సూదీ దారమూ పెట్టింది. "ఎక్కించు శెట్టప్పా."

శెట్టి ఒక కన్ను మూశాడు, రెండో కన్ను మూశాడు, దారం తడిపాడు, నాలుక కొరుక్కున్నాడు. ఎక్కలేదు. నర్సమ్మ తీసుకుని ఒక్కసారికే ఎక్కించి చూపించింది.

"అది నీ చేతివాటం. మీరు చదవల్ల కదా, కుట్టేది కాదు," అన్నాడాయన. న్యాయమే.

"అయితే ఒక మూట దించు," అంది నర్సమ్మ. "దాని మింద రాసిండేది మా మునెమ్మ చదువుతాది. ఇంతకుముందు సూడంది కదా, కంఠస్థం పట్టిందనేదానికి లేదు."

కూలీలు మూట తెచ్చి దీపం పక్కన దించారు. గోతం మీద నల్లసిరాతో పెద్ద అక్షరాలు. మునెమ్మ మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టింది. "పు... పుం... గ... నూ... పుంగనూరు!" గది ఊపిరి పీల్చుకుంది. "కొ... త్త... కొత్త. చిం... త... పం... డు. కొత్త చింతపండు!"

తాత కేక పెట్టాడు. కాని మునెమ్మ ఆగలేదు. గోతం చిరుగులోంచి కాస్త పండు పైకి వచ్చి ఉంది. దాన్ని గిల్లి, దీపం దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"శెట్టప్పా, పైన కొత్తది అని రాసిండాది. లోపల బొగ్గు మాదిరి నల్లగా ఉండాదే! ఇది పోయినేటిది కదా?"

అంత నవ్వు ఆ గది ఎన్నడూ వినలేదు. కూలీలు కూడా బండికి ఆనుకుని నవ్వారు. శెట్టి మూట భుజానికెత్తించి, "పోదాం పదండిరా, ఎద్దులకు మేత పొద్దయింది" అంటూ బయలుదేరాడు. గుమ్మం దగ్గర ఆగి తనూ నవ్వు ఆపుకోలేక, "చదువుకోండి తల్లీ, చదువుకోండి. నా మూటలు మాత్రం చదవొద్దండి" అన్నాడు. వెలుతురు ఎందుకని అడిగేవాళ్ళకు నేను అప్పటినుంచీ సిద్ధాంతం చెప్పడం మానేసి ఈ కథ చెబుతున్నాను.

మర్నాడు హోటల్లో ఏం జరిగిందో కూడా రాయాలి. హరిజనవాడ నుంచి మా బడికి వచ్చే ఇద్దరు కాఫీకి పోయారు. ఒట్టి మేకులు. "మా గ్లాసులు బడిలో దీపాలయినాయి సామీ. ఆర్పేసి తెచ్చేదా?" అని అడిగారు. హోటలాయన చాలాసేపు గొణిగి, లోపలి గ్లాసుల్లోనే పోసి ఇచ్చాడు. ఆ తర్వాత వాటిని చింతపండు పెట్టి తోమించాడట. మనిషి మారిపోయాడని నేను రాయను, అబద్ధాలు రాసే అలవాటు నాకు లేదు. కాని ఆ మేకులకు మళ్ళీ గ్లాసులు ఎక్కలేదు. నా మూడు కరపత్రాలూ కదపలేని వాటిని ఒక ముసలామె బుట్టలో వేసుకుని వచ్చేసింది. నాకు అసూయగా ఉంది, సంతోషంగానూ ఉంది.

మునెమ్మకు ఉత్తరం వచ్చింది. దీపం పక్కన కూర్చుని బడి అయిపోయేదాకా అదొక్కటే చదివింది. "ఏం రాసినాడే?" అని తాత అడిగితే, మడిచి రవికెలో పెట్టుకుని, "చెప్పను పో" అంది. నర్సమ్మ ఆ పూట పాఠం చెప్పడం మానేసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

కుప్పం నుంచి నేను నేరుగా పుంగనూరు పోయాను, అక్కడివాళ్ళకు చెప్పాలని. యుద్ధం ముగిశాక గదికి కరెంటు తిరిగి వచ్చింది గాని, ఆ సాయంత్రం ఇంజను ఆగి ఉంది. లాంతర్లు పెట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు పాఠం చెప్పేది మునెమ్మ. సంగతి చెప్పాను.

"అయితే ఈపొద్దు సెలవు ఇయ్యల్లనా?" అంది మునెమ్మ నావైపు తిరిగి.

"సెలవా?" అన్నాడు జట్కా తాత. "ఆయమ్మ వినిందంటే లేచొచ్చి తంతాది. చెప్పు మే, 'ళ' కాడ ఆగినాము."

మునెమ్మ ముక్కు చీదుకుని, 'ళ' చెప్పింది. నేను బయటికి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. కొత్తగా చేరిన ఆవిడ ఎవరో, పేరు తెలియదు, ముఖం దాదాపు పలకకు ఆనించి కూర్చుని ఉంది. దీపానికీ పలకకూ మధ్య ఆమె చూపుడువేలు. వెలుతురు ఆ వేలి గుండా పోయి, గోరు చుట్టూ ఎర్రగా, దానిమ్మగింజలా మెరుస్తోంది. పెదవులు కదిలినప్పుడల్లా ఆ ఎర్రని వేలు ఒక్కో అక్షరం ముందుకు జరుగుతోంది.